నోట్ల దండ: రెడీమేడ్ కొనాలా, కట్టించుకోవాలా, ఇంట్లోనే చేస్కోవాలా? ఏ నోటు, ఏ ముడి?

తెలుగింట్లో అబ్బాయికో అమ్మాయికో పంజాబీ సంబంధమో హర్యానా సంబంధమో కుదిరితే, పెళ్ళి పనులు మొదలయ్యాక ఏదో ఒక ఫోన్‌కాల్లో అటువాళ్ళు చాలా మామూలుగా "నోటోం కీ మాలా కూడా చూస్కోండి" అనేస్తారు. నోట్ల దండ అంటే ఏంటో మనందరికీ తెలుసు, రాజకీయ నాయకుల మెళ్ళో బోలెడు చూశాం, కానీ పెళ్ళికి ఎక్కడ కొనాలి, ఎంతది కొనాలి, ఏ నోట్లు పెట్టాలి అంటే మాత్రం ఎవరూ చెప్పరు. నేను ఢిల్లీలో చాలా ఏళ్ళుగా ఉంటున్నా, చాందినీ చౌక్ కినారీ బజార్‌లో ఈ దండలు కట్టేవాళ్ళ పక్కన నించుని చూశా, ఇంట్లో చుట్టాల పెళ్ళిళ్ళకి కట్టా కూడా, అందుకే తెలిసినంతవరకు ఒకచోట రాసి పెడుతున్నా.

ముందు ఒక మాట చెప్పేస్తా, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది. దండ కొనేటప్పుడు అందరూ చూసేది ఎంత నిండుగా ఉంది, ఎంత మెరుస్తోంది అని. నేనైతే చూడమనేది, విప్పితే ఎలా వస్తుంది అని. అది డబ్బు కదండీ, ఆ సాయంత్రం అయిపోయాక మళ్ళీ డబ్బులాగే చేతికి రావాలి. మంచి పనివాడు కట్టిన దండకి, తొందరగా తయారుచేసి పడేసిన దండకి తేడా కనిపించేది అక్కడే, ఫోటోలో రెండూ ఒకేలా ఉంటాయి.

ఈ ఆచారం ఎక్కడిది, ఎవరు వేస్తారు అనేది కూడా కొంచెం తెలిసుండాలి, లేకపోతే పెద్ద దండ కొనేసి ఎవరికెయ్యాలో తెలీక చేత్తో పట్టుకుని నించోవాల్సొస్తుంది. పంజాబ్, హర్యానా, ఢిల్లీ, పశ్చిమ యూపీ, అటు పాకిస్తాన్ పంజాబ్‌లో లాహోర్, రావల్పిండి దాకా పెళ్ళికొడుకు మెళ్ళో నోట్ల దండ వెయ్యడం ఉంది. ఇటు వైపు దండలు సాధారణంగా నడుం దాకా ఉంటాయి, అటు పాకిస్తాన్ వైపు మోకాళ్ళ దాకా వేలాడే వెడల్పాటివి, మధ్యలో గుండె ఆకారమో పెద్ద పువ్వో పెట్టి చుట్టూ జరీ తళుకులతో నింపేసినవి ఎక్కువ. పంజాబీ ఇళ్ళల్లో సెహ్రాబందీ అని ఉంటుంది, బరాత్ (పెళ్ళికొడుకు ఊరేగింపు) బయల్దేరే ముందు పెళ్ళికొడుక్కి తలపాగా, సెహ్రా (మొహం మీద వేలాడే పూల తెర) కట్టడం, ఆ టైమ్‌లోనే బావలు, మేనమామలు, మేనత్త మొగుళ్ళు నోట్ల దండ వేస్తారు. అంటే ఎక్కువగా అబ్బాయి వైపు వాళ్ళే. కానీ ఇంటింటికీ మారుతుంది, కొన్ని చోట్ల అమ్మాయి వాళ్ళు కూడా మిల్నీలో, అంటే రెండు వైపుల పెద్దవాళ్ళు కలుసుకుని పలకరించుకునే తంతులో వేస్తారు, కాబట్టి సిగ్గుపడకుండా అటువైపు పెద్దావిడ ఎవరినైనా అడిగెయ్యండి, వాళ్ళు సంతోషంగానే చెప్తారు.

ఇప్పుడు ఆప్షన్స్.

మొదటిది షాపులో వేలాడుతున్న రెడీమేడ్ దండ. ఢిల్లీలో ఐతే కినారీ బజారే, దరీబా కలాన్ నుంచి లోపలికి వెళ్ళే సన్నటి గల్లీ, సెహ్రాలు, సాఫాలు (తలపాగాలు), కల్గీలు (తలపాగాకి పెట్టే తురాయిలు), గోటా లేసులు (మెరిసే జరీ పట్టీలు) అన్నీ అక్కడే, ఆదివారం మాత్రం వెళ్ళకండి మూసుంటుంది. లాల్ ఖిలా మెట్రో గానీ చాందినీ చౌక్ మెట్రో గానీ దిగి నడిచి పోవచ్చు. షాపు ముందు వరసగా 10 రూపాయల నోట్ల దండలు వేలాడుతుంటాయి. ధర ఎలా లెక్కేస్తారంటే, అందులో ఉన్న నోట్ల విలువ, దాని మీద కొత్త నోట్లకి ఎక్స్‌ట్రా, దాని మీద కట్టినందుకు కూలీ, గోటా ఖర్చు. మనవాళ్ళు చేసే పని ఏంటంటే మొత్తం రేటు మీద బేరం ఆడతారు, అది కాదు, ముందు "ఇందులో నోట్లు ఎన్ని" అని అడిగి మీరే లెక్కపెట్టండి, నిండుగా కనిపించాలని నోటుకీ నోటుకీ మధ్య బంగారు రంగు కాగితం పువ్వులు దూర్చేస్తారు, దూరం నుంచి వంద నోట్లు అనిపించింది దగ్గరకెళ్తే నలభై కూడా ఉండవు. అలా పెట్టడం తప్పేమీ కాదు, దండ అందంగానే ఉంటుంది, కానీ మీరు ఇస్తున్న డబ్బు దేనికో తెలిసి ఇవ్వండి. రెడీమేడ్‌తో అసలు ఇబ్బంది స్టాప్లర్ పిన్నులు. త్వరగా అవుతుందని ప్రతి నోటునీ రిబ్బన్‌కి పిన్ను కొట్టేస్తారు, కొన్నిటికి రెండేసి. దండ వెనక్కి తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

రెండోది, మన నోట్లు మనం ఇచ్చి కట్టించుకోవడం. నా ఓటు ఎప్పుడూ దీనికే, టైమ్ ఉంటే. కొత్త నోట్ల కట్ట మీ బ్యాంకులో అడిగి తీస్కోండి, ఒకేసారి దొరక్కపోతే రెండు మూడు బ్రాంచీల్లో అడగండి, పెళ్ళిళ్ళ సీజన్ మొదలవ్వక ముందే అడగండి, ఎందుకంటే సీజన్‌లో కొత్త 10ల కట్ట బయట బ్రోకర్ల దగ్గర 1000 విలువకి బాగా ఎక్కువే చెప్తారు. కట్ట పట్టుకెళ్ళి షాపువాడితో "పిన్ను వద్దు, గమ్ వద్దు, దారంతో కట్టు" అని ముందే చెప్పాలి. కొందరు ఒప్పుకోరు, టైమ్ పడుతుంది అంటారు, కూలీ కొంచెం ఎక్కువ ఇస్తానంటే పాత పనివాళ్ళు ఒప్పుకుంటారు. నోట్ల నంబర్లు ఫోటో తీసి పెట్టుకుంటే మంచిది, కొత్త కట్ట ఐతే వరస నంబర్లే కాబట్టి మొదటిది చివరిది చాలు.

మూడోది ఇంట్లో చేస్కోవడం. ఇది చాలామంది అనుకున్నంత కష్టం కాదు, నలుగురు కూర్చుంటే ఒక సాయంత్రం పని. ఎలా కట్టాలో వివరంగా చెప్తా, ఎందుకంటే షాపులో కట్టించుకున్నా ఇది తెలిస్తేనే మంచి పని ఏదో చెడ్డ పని ఏదో కనిపెట్టగలరు.

నోటుని పొడుగ్గా ముందు పెట్టుకోండి. ఒక పొట్టి అంచు నుంచి మొదలుపెట్టి సెంటీమీటరు వెడల్పుతో చీర కుచ్చిళ్ళు పెట్టినట్టు ముందుకొకటి వెనక్కొకటి మడుచుకుంటూ వెళ్ళండి, ప్రతి మడత గోటితో నొక్కుతూ. 10 రూపాయల కొత్త నోటు పొడుగు 123 మిల్లీమీటర్లు కాబట్టి పన్నెండు మడతల దాకా వస్తాయి. చివరికి చేతిలో 63 మిల్లీమీటర్ల పొడుగున్న సన్నటి పట్టీ మిగుల్తుంది. దాన్ని సరిగ్గా మధ్యలో పట్టుకుని దారం బిగించి రెండు పక్కలా విప్పితే గుండ్రటి పువ్వు, ఆరు సెంటీమీటర్లకి కొంచెం ఎక్కువ. కొంతమంది నిలువుకి బదులు అడ్డంగా, అంటే పొడుగు అంచు నుంచి మడుస్తారు, అప్పుడు పట్టీ పొడుగవుతుంది గానీ కుచ్చిళ్ళు చాలవు, పువ్వు కాదు సీతాకోకచిలుక రెక్కల్లా సన్నగా వస్తుంది, అది కూడా బానే ఉంటుంది, నిండుతనం మాత్రం రాదు.

అసలు కిటుకు ఆ మధ్య ముడిలో ఉంది. పనితనం తెలిసిన మనిషి రిబ్బన్ మీద ముందే వరసగా దారంతో కాజాలు కుట్టి పెట్టుకుంటాడు, కుచ్చిళ్ళు పెట్టిన నోటుని కాజాలో సగం దాకా దూర్చి కింద నుంచి దారం లాగి జారుముడి వేస్తాడు. నోటుకి ఎక్కడా సూది తగల్దు. విప్పాలంటే ముడి కొస లాగితే చాలు నోటు జారి కింద పడుతుంది, చేత్తో సాపు చేసి ఒక రాత్రి లావు పుస్తకం కింద పెడితే మర్నాడు షాపులో ఇచ్చుకోవచ్చు. మన నోట్లు పత్తి కాగితం కాబట్టి మడతలకి ఓర్చుకుంటాయి, ఓర్చుకోనిది పిన్నుకి, టేపుకి. పట్టుదారం గానీ మందంగా ఉన్న కాటన్ దారం గానీ వాడండి, సన్నటి తీగ మాత్రం వద్దు, బిగించినప్పుడు నోటు మధ్యలో కోసేస్తుంది.

లెక్క కూడా చెప్తా. నడుం దాకా వచ్చే దండ మొత్తం చుట్టుకొలత ఒకటిన్నర మీటర్ల దగ్గర పెట్టుకోండి. పువ్వు పక్కన పువ్వు ఆనేలా కడితే 25 నోట్లు. మెడ వెనక భాగం ఎవరికీ కనిపించదు, అక్కడ వట్టి రిబ్బన్ వదిలేస్తే ఇంకా తక్కువే. రెండు వరసలు కట్టి నిండుగా కావాలంటే 50. అంటే 10 రూపాయల నోట్లతో రెండు వరసల దండకి 500 రూపాయలే, అందుకే నేను చెప్పేది, అందం నోటు విలువలో లేదు కట్టడంలో ఉంది.

మరి ఏ నోటు? ఇక్కడ చాలామంది పెద్ద నోటు పెడితే పువ్వు కూడా పెద్దదొస్తుంది అనుకుంటారు. రాదండీ. 10 నోటు వెడల్పు 63 మిల్లీమీటర్లు, 500 నోటు వెడల్పు 66. పువ్వు సైజు వెడల్పు మీదే ఆధారపడుతుంది కాబట్టి మూడు మిల్లీమీటర్ల తేడా ఎవరికీ కనిపించదు. కనిపించేది రంగు. 10 చాక్లెట్ బ్రౌన్, దగ్గర్నుంచి బానే ఉంటుంది కానీ లేత రంగు షేర్వానీ మీద మట్టిరంగులో కలిసిపోయినట్టు అనిపిస్తుంది, ఎర్ర రిబ్బన్ మీద బంగారు గోటా పెడితేనే లేస్తుంది. 20 ఆకుపచ్చ కలిసిన పసుపు, పెళ్ళికి ఇంత ముచ్చటైన రంగు ఇంకోటి లేదు. 50 మెరిసే నీలం, దాని వెనక మన హంపీ రథం ఉంటుంది, తెలుగింటి నుంచి వెళ్ళే దండలో అది ఉంటే నాకు చాలా ఇష్టం. 100 లావెండర్, 200 పసుపు, 500 బూడిద రంగు. 500 నోట్ల దండ అంత ఖరీదు పెట్టినా కళ్ళకి కాంతిగా ఉండదు. నా సలహా 20లు ముఖ్యంగా పెట్టి మధ్య మధ్యలో 50లు, కింద లాకెట్ దగ్గర కావాలంటే నాలుగు 200లు. మెళ్ళో ఎంత ఉందో లెక్కపెట్టేవాళ్ళు ఎవరూ ఉండరు, ఎక్కువ ఇవ్వాలనుకుంటే ఆ మిగతాది కవర్లో పెట్టి చేతికివ్వండి, ఒక రూపాయి కలిపి 501, 1101 అలా, వాళ్ళ శగున్ (శుభానికి ఇచ్చే డబ్బు) కూడా మన కట్నాల చదివింపుల్లాగే రూపాయి కలిపే ఇస్తారు.

చిన్న నోట్లకి ఇంకో లాభం కూడా ఉంది. ఏదైనా చిరిగితే బ్యాంకులో మార్చుకునే రూల్ 20 రూపాయల వరకు తేలిక, మిగిలిన పెద్ద ముక్క నోటులో సగానికి మించి ఉంటే పూర్తి విలువ ఇస్తారు. 50 నుంచి పైకి ఐతే 80 శాతానికి మించి ఉంటేనే పూర్తిగా వస్తుంది, 40 నుంచి 80 మధ్య ఉంటే సగమే. పిన్ను చిల్లు పడ్డంత మాత్రాన నోటు చెల్లకుండా పోదు, కానీ పిన్ను లాగేటప్పుడు మూల చిరిగొస్తుంది చూడండి, వంద నోట్ల దండలో అలా పది మూలలు పోతాయి.

పిన్నుల గురించి, ఆర్‌బీఐ గురించి కూడా దాచకుండా చెప్పాలి. క్లీన్ నోట్ పాలసీ అని 1999 నుంచి ఉంది, 2001లో బ్యాంకులనే నోట్ల కట్టలకి పిన్నులు కొట్టొద్దని ఆదేశించారు, అందుకే ఇప్పుడు కట్టలు పేపర్ బ్యాండ్‌తో వస్తున్నాయి. జనానికి కూడా ఆర్‌బీఐ చెప్పేది ఏంటంటే నోట్లతో దండలు చెయ్యొద్దు, పందిళ్ళకి గుళ్ళకి అలంకారంగా వాడొద్దు, మనుషుల మీద చల్లొద్దు అని. ఇది విజ్ఞప్తిగా చేస్తున్నదే, దండ వేస్తే పట్టుకెళ్ళరు, కానీ ఎందుకంటున్నారో అర్థం చేస్కోవాలి, నలిగి చిరిగిన నోటుని వెనక్కి తీస్కుని కొత్తది అచ్చు వెయ్యాలంటే ఖర్చు అందరిదీ. మీ ఇంట్లో ఎవరైనా "అసలు నోట్లు వద్దు" అంటే ఆ మాట నేను కాదనను, వాళ్ళకి పనికొచ్చే ఆప్షన్ కింద చెప్తున్నా. దండ వెయ్యాల్సిందే అనుకునేవాళ్ళు నోటు పాడవకుండా కట్టించడం కనీస మర్యాద.

నోటుకి అస్సలు దెబ్బ తగలని పద్ధతి పన్నీ కవర్లది. నోటు సైజు ట్రాన్స్‌పరెంట్ కవర్లో నోటు పెట్టి, పిన్ను గానీ కుట్టు గానీ కవర్ అంచుకి వేస్తారు. నోటు మడత కూడా పడదు, విప్పాక కొత్త కట్టలాగే ఉంటుంది. కానీ లైట్ పడితే ప్లాస్టిక్ మెరిసి ఫోటోల్లో తెల్లగా కొడుతుంది, నడిచేటప్పుడు గరగరలాడుతుంది, చూడటానికి షాపులో షాంపూ ప్యాకెట్లు వేలాడినట్టే ఉంటుంది. పెద్ద నోట్లు పెట్టి తీరాల్సిందే అంటే ఇది, లేకపోతే జారుముడి కుచ్చిళ్ళే.

బొమ్మ నోట్ల దండలు కూడా దొరుకుతాయి, చిల్డ్రన్ బ్యాంక్ అని అచ్చేసి ఉంటుంది. నేను వద్దంటాను. ఆ దండ వేసేది డబ్బు చూపించుకోడానికి కాదు, బావ గానీ మేనమామ గానీ కొత్త సంసారానికి చేతనైంది ఇస్తున్నాడు అని, అందులో కాగితం ఇస్తే ఆ పెద్దమనిషిని కూడా చిన్నబుచ్చినట్టే. పైగా అసలు నోటుని పోలిన కాగితాలు తయారుచెయ్యడం, వాడటం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 182 కిందకి వస్తుంది. నోట్లు ఇష్టం లేకపోతే మంచి గులాబీ దండ వేసి కవర్ చేతికివ్వండి, ఎవరూ ఏమీ అనుకోరు. లేదా పూలదండకే కింద ఐదో ఆరో నోటు పువ్వులు కట్టించండి, రెండు ఇళ్ళ పద్ధతీ కలిసొస్తుంది, తెలుగు పంజాబీ పెళ్ళిళ్ళకి నాకు బాగా నచ్చే దారి ఇది. కాకపోతే తడి పూలకి నోట్లు ఆనకుండా మధ్యలో గోటా ముక్క పెట్టాలి, పూలవాళ్ళు నీళ్ళు చల్లుతూనే ఉంటారు.

వేసుకునే రోజు సంగతులు కొన్ని. నోట్ల దండ చాలా తేలిక, గుర్రం మీద కూర్చుంటే గాలికి ఎగిరి మొహం మీద పడుతుంది, అందుకని కింద కాస్త బరువున్న లాకెట్ గానీ కుచ్చు గానీ ఉండాలి, భుజాల దగ్గర రిబ్బన్‌ని పిన్నీసుతో షేర్వానీకి పెట్టెయ్యాలి, పిన్నీసు రిబ్బన్‌కే, నోటుకి కాదు. బరాత్‌లో పక్కనే ఒక తమ్ముడిని పెట్టండి, జనంలో ఎవరో ఒక నోటు లాగేస్తారు. 2024 నవంబర్లో మీరట్ దగ్గర పెళ్ళికొడుకు తన దండలో నోటు లాక్కుపోయిన బండివాడిని హైవే మీద వెంటాడిన వీడియో దేశమంతా చూసింది కదా, ఒక్క నోటు కోసం అంత ప్రమాదం ఎందుకు. టపాసులు కాల్చేచోట తీసెయ్యండి, హోమం దగ్గర కూర్చునే ముందు తప్పకుండా తీసెయ్యండి. సిక్కుల పెళ్ళి ఐతే ఆనంద్ కారజ్‌కి (వాళ్ళ అసలు పెళ్ళి తంతు) గురుద్వారా లోపలికి వెళ్ళే ముందే సెహ్రాతో పాటు ఇదీ తీసేస్తారు, వాళ్ళ మర్యాదలో ఇలాంటి అలంకారాలు వద్దని ఉంది, మనం తెలీక వేసుకు వెళ్తే వాళ్ళకి ఇబ్బంది. మన ముహూర్తం, జీలకర్ర బెల్లం టైమ్‌లో కూడా ఇది మెళ్ళో ఉండకూడదు అని నా అభిప్రాయం, ఎదుర్కోలుకో బరాత్‌కో రిసెప్షన్‌కో వేస్తే సరిపోతుంది.

ఇంకోటి, జ్ఞాపకంగా ఉంచుకుంటాం అని దండని బీరువాలో దాచెయ్యకండి. 2016 నవంబర్ 8 నోట్ల రద్దు తర్వాత పాత 500, 1000 నోట్ల దండలు దాచుకున్న ఇళ్ళు ఎంత హైరానా పడ్డాయో తెలుసు. 2010లో లక్నో సభలో మాయావతి గారికి వేసిన 1000 రూపాయల నోట్ల దండ గురించి పార్లమెంటు దాకా గొడవైంది, ఆరేళ్ళకి ఆ నోటే లేదు. ఒక పువ్వు గుర్తుగా పెట్టుకుని మిగతావి విప్పేసి వాడుకోండి.

విదేశాల్లో ఉన్నవాళ్ళకి. అమెరికాలో ఐతే పని సులువు, డాలర్ నోటు కాగితం పత్తి, నార కలిసింది, కుచ్చిళ్ళు చక్కగా నిలుస్తాయి, వెడల్పు 66 మిల్లీమీటర్లు, అంటే మన 500 నోటంతే, పైన చెప్పిన కొలతలన్నీ సరిపోతాయి, 1 డాలర్ నోట్లు 50 ఉంటే రెండు వరసల దండ. కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియాలో మాత్రం నోట్లు పాలిమర్‌వి, ఎంత గోటితో నొక్కినా మడత మళ్ళీ విచ్చుకుంటుంది, గట్టిగా నొక్కితే గీత శాశ్వతంగా ఉండిపోతుంది. అక్కడ పువ్వుల ప్రయత్నం మానేసి నోటుని సాపుగా పన్నీ కవర్లో వేలాడదియ్యండి, లేదా సగానికి వంచి చిన్న చెక్క క్లిప్పులతో రిబ్బన్‌కి పట్టించండి. బ్రాంప్టన్, సర్రే, సౌతాల్ లాంటి పంజాబీలు ఎక్కువున్న చోట పెళ్ళి బట్టల షాపుల్లో అడిగి చూడండి.

పంజాబ్ దాకా వెళ్ళే పని లేకుండా ఈ మడతల పని నేర్చుకోవాలంటే మన దగ్గరే చోటుంది. దసరాల్లో నెల్లూరులో, విశాఖ కురుపాం మార్కెట్‌లో కన్యకాపరమేశ్వరి అమ్మవారికి మహాలక్ష్మి అలంకారం చేసేటప్పుడు నోట్లతోనే దండలు, పువ్వులు, గోడల నిండా తోరణాలు కడతారు, తర్వాత ఎవరి నోట్లు వాళ్ళకి తిరిగి ఇచ్చేస్తారు. అంటే పాడవకుండా విప్పే పద్ధతి వాళ్ళకి తెలిసుండి తీరాలి. ఈసారి దసరాకి వెళ్తే అలంకారం చేసేవాళ్ళని ముడి ఎలా వేస్తున్నారో అడిగి చూడండి.

టైమ్ రెండు వారాల కన్నా తక్కువ ఉంటే రెడీమేడ్ తీస్కోండి, వెనక్కి తిప్పి పిన్నులు చూసి, నోట్లు లెక్కపెట్టి. నెల ఉంటే కొత్త 20ల కట్ట తీస్కుని కట్టించండి. ఇంట్లో చేతిపని ఇష్టపడే పిన్ని గానీ అత్త గానీ ఉంటే ఎర్ర శాటిన్ రిబ్బన్ రెండు మీటర్లు, గోటా లేసు, పట్టుదారం రీలు తెచ్చి వాళ్ళ ముందు పెట్టండి, కాజాలు మాత్రం ఆరు సెంటీమీటర్లకి ఒకటి చొప్పున ముందే గుర్తులు పెట్టుకుని కుట్టమని చెప్పండి.